అరగంటలో ఖీమా పాస్తా, ఆపై జీవితాంతం వంటకి సెలవు

కొండాపూర్‌లో నలుగురు కలిసి అద్దెకుంటున్న ఫ్లాట్. బుధవారం రాత్రి వంట వంతు మీది. ఖీమా పాస్తా చేస్తానని ధీమాగా మాటిచ్చేయండి. పేరు ఘనంగా ఉంటుంది, అసలు ఎలా ఉండాలో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఇటలీలో బొలోన్యా వాళ్ళు తమ మాంసం సాస్ పద్ధతిని 1982లో ఏకంగా వాణిజ్య మండలిలో నమోదు చేయించారు. సన్నసెగ మీద గంటలకొద్దీ ఉడికిస్తారు. వాళ్ళకి రాత్రి ఎనిమిదిన్నరకి అమెరికా కాల్ ఉండదు. మీరు ఇలా కానివ్వండి.

1. ఖీమా కొట్టించడానికి మటన్ కొట్టుకి వెళ్ళకండి. వెళ్తే నిలబడాలి, కొవ్వు తీయమనాలి, ఇంకాస్త సన్నగా కొట్టమనాలి. మీటింగ్‌లో కెమెరా ఆపేసి యాప్‌లో తెప్పించండి. మంగళవారమే తెప్పించి ఫ్రీజర్‌లో పడేయండి. "ఇవాళే వండొచ్చుగా మామా" అంటే "మంగళవారం నీసు ముట్టను రా" అనండి. భక్తి దగ్గర ఎవరూ వాదించరు.

2. గడ్డకట్టిన ఖీమాని అలాగే మూకుట్లో దించండి. పైభాగం కరగదు, కిందిభాగం నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళు ఇంకి ఖీమా ఎర్రగా వేగితేనే రుచి వస్తుంది. కాబట్టి మూత పెట్టేయండి, ఒక్క చుక్క కూడా ఇంకదు. అల్లం వెల్లుల్లి చివర్లో, పచ్చిగా వేయండి.

3. నూరు గ్రాముల పాస్తాకి లీటరు నీళ్ళు, పది గ్రాముల ఉప్పు అని లెక్క. నలుగురికి నాలుగు లీటర్లు కావాలి. అంత గిన్నె ఎవరు తోముతారు? చిన్న కుక్కర్లో లీటరున్నర పోసి మొత్తం కుక్కండి. కలపకండి. కాల్ ఉందని గదిలోకి వెళ్ళి తలుపేసుకోండి. గరిటె తీసుకెళ్ళండి, ఇంకెవరూ కలపకుండా.

4. పైన ముద్ద, లోపల పలుకు. ఇలా వస్తే సరిగ్గా వచ్చినట్టే. ఎవరైనా నసిగితే సైన్సు చెప్పండి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీలకే మరుగుతాయి. నిజమే. ఆ తేడాకి కాస్త ఎక్కువసేపు ఉంచితే సరిపోతుందన్న సంగతి మాత్రం మీరు ఎత్తకండి. నలుగురు ఇంజినీర్లున్న ఇంట్లో ఒక అంకె చాలు, అందరూ తలూపుతారు.

5. పాస్తా వార్చిన గంజి నీళ్ళే సాస్‌ని పాస్తాకి పట్టించేవి. మొత్తం సింకులో పోయండి. ఆపైన కుళాయి కింద చల్లగా కడగండి.

6. టమాటాలు తరగకండి. తరిగితే మగ్గాలి, నూనె తేలాలి, అంతసేపు నిలబడాలి. డ్రాయర్లో పోగైన కెచప్ ప్యాకెట్లు తీయండి. మూల పళ్ళతో కొరికి, చివరి నుంచి బొటనవేలితో నొక్కుకుంటూ రండి. ఓ పది పిండితే సాస్ తయారు. చించిన మూలలు ఒకటీ అరా మూకుట్లో పడితే పడనివ్వండి. అడుగంటితే "స్మోకీ ఫ్లేవర్" అనండి.

7. 2018లో హైటెక్ సిటీ దగ్గర ఐకియా తెరిచినప్పటి నుంచీ అక్కడ చికెన్ మీట్‌బాల్స్ దొరుకుతున్నాయి. అవి తెచ్చి కలుపుదామని ఎవరైనా అంటే వెంటనే మాట మార్చండి. పొరపాటున రుచిగా కుదిరిందా, ప్రతి బుధవారం మీకే తగులుతుంది.

8. మూకుడు తోమకండి. నీళ్ళు పోసి "నానబెట్టాను" అనండి. పొద్దున ఆంటీ వచ్చేసరికి మీరు ఆఫీసు క్యాబ్‌లో ఉండాలి.

9. రెండో ముద్దకే ఒకడు ఫోన్ తీస్తాడు. "బిర్యానీ చెప్పనా?" అంటాడు. "నాకొద్దు, మీరు చెప్పుకోండి" అనండి. ఇది చాలా ముఖ్యం. బిల్లు ముగ్గురికే పంచుతారు. పార్సిల్ వచ్చాక "కాస్త రుచి చూస్తా" అని లెగ్ పీస్ అందుకోండి. అది నములుతూ, వచ్చే వారం లసాన్యా చేస్తానని చెప్పండి. ఫ్రిజ్ మీద వంతుల కాగితంలో మీ పేరు ఆ రాత్రే కొట్టేస్తారు.