రివర్స్ కొట్టమంటారా అండీ?

మా ఏలూరులో మగాడి గెడ్డం కింద ఎర్రగా పొక్కు లేచిందంటే విచారణ అక్కర్లేదు. ముద్దాయి ఎవరో ముందే తెలుసు. వేసవైతే ఆవకాయ, శీతాకాలమైతే కోడికూర, రెండూ కాకపోతే ఒంట్లో వేడి. ఆ వేడి అంత పెద్ద ఒంటినీ వదిలేసి చుబుకం కింద నాలుగు వేళ్ల మేర నుంచే ఎందుకు బయటికి వస్తుందని అడగకూడదు. అడిగితే "నీది పిత్త శరీరం" అంటారు, సబ్జా గింజలు నానబోస్తారు. అదే జాడీలో ఆవకాయ ఇంట్లో ఆడవాళ్లూ తిన్నారు. ఇంకో ముద్ద ఎక్కువే తిన్నారు. వాళ్ల గెడ్డం నిక్షేపంగా ఉంది. ఈ సాక్ష్యాన్ని మాత్రం ఎవరూ బోనెక్కించరు.

వేడి మీద నేరం నిలబడకపోతే నీళ్ల మీద పెడతారు. నీళ్లను అనుమానించే హక్కు మాకు ఉంది, కాదనను. 2020 డిసెంబరులో ఊళ్లో వందలమంది ఫిట్స్ వచ్చి పడిపోయి, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ వాళ్లు తేల్చాక కుళాయి తిప్పాలంటేనే చెయ్యి వణికింది. కొల్లేటి లంక గ్రామాల వాళ్లకి ఆ హక్కు ఇంకా ఎక్కువ. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగేది మాత్రం కొనుక్కున్న డబ్బా నీళ్లు. అంతా ఒప్పుకుంటాను. కానీ బాబూ, ఆ నీళ్లతో కడుక్కున్నది ముఖమంతా కదా? నుదుటి మీద పొక్కు లేదు, ముక్కు మీద లేదు, చెవి తమ్మె మీద లేదు. బ్లేడు తిరిగిన మేరకే, గీత గీసినట్టు, అక్కడికక్కడే ఉంది.

ఆ బ్లేడు సంగతి చూద్దాం. ఆదివారం పొద్దున తాడేపల్లిగూడెం స్టేషన్ దగ్గర ఏ సెలూన్‌లోనైనా బెంచీ మీద కాసేపు కూర్చోండి. నురగ పట్టించి, పై నుంచి కిందికి ఒక విడత గీస్తాడు. అక్కడికి గెడ్డం అయిపోయింది. దండం పెట్టి లేచి రావచ్చు. కానీ కుర్చీలో మనిషి లేవడు. డబ్బు ఇంకా గిట్టుబాటు కాలేదన్నట్టు కాళ్లు చాపుకుని ఉంటాడు. అప్పుడు వస్తుంది ఆ ప్రశ్న: "రివర్స్ కొట్టమంటారా అండీ?" ఈ జిల్లాలో ఈ ప్రశ్నకు వద్దన్న మగాడు నాకు తారసపడలేదు. రెండోసారి నురగ. ఎడమచేతి బొటనవేలితో దవడ చర్మాన్ని చెవి వైపు తంబూరా తీగలా లాగి పట్టి, మెడ గుంట దగ్గర మొదలుపెట్టి పైకి గీస్తాడు. చర్ చర్‌మని చప్పుడు. ఆ చప్పుడుకి కస్టమరు కళ్లు వాటంతటవే మూతలు పడతాయి. ఆపైన పటిక రాయి రుద్దితే చుర్రుమంటుంది. ఆ చుర్రు ఎంత ఎక్కువైతే పనితనం అంత గొప్ప. చివరికి చెయ్యి వెనక్కి తిప్పి వేళ్ల కణుపులతో చెంప తడుముకుని, ఎక్కడా గరుకు తగలకపోతే, పది రూపాయలు ఎక్కువిచ్చి మెట్లు దిగుతాడు.

కైకలూరులోనో ఆకివీడులోనో చేపలమ్మే ఆవిడ శీలావతికి పొలుసు తీసేటప్పుడు చూశారా? తోక నుంచి తల వైపుకి, ఎదురు గీస్తుంది. అలా అయితేనే పొలుసు వేళ్లతో లేస్తుంది. మనమూ సరిగ్గా అదే పని మన మెడ మీద చేయించుకుంటున్నాం. తేడా అల్లా శీలావతి అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. మర్నాడు పొద్దున దురద పెట్టిందని ఎవరితోనూ చెప్పుకోదు. చిన్న తిరుపతి వెంకన్న కూడా తలనీలాలు ఇమ్మన్నాడే గాని, వేళ్లతో సహా ఇమ్మనలేదు.

జరిగేది ఏమిటంటే, చర్మాన్ని లాగిపట్టి ఎదురు గీసినప్పుడు వెంట్రుక తన గుంటలోంచి కాస్త పైకి లేచి తెగుతుంది. వేలు తీయగానే చర్మం వెనక్కి జారుతుంది, తెగిన మొన చర్మం అడుక్కి వెళ్లిపోతుంది. ఏటవాలుగా తెగిన మొన, సూది మొన. అది మళ్లీ పెరిగేటప్పుడు తిన్నగా వస్తే గొడవ లేదు. వంకీ తిరిగిన వెంట్రుకైతే గుంట గోడనే పొడుచుకుని పక్కకి దూరిపోతుంది. లేదా బయటికి వచ్చి, వంగి, కాస్త దూరంలో మళ్లీ లోపలికి దిగుతుంది. ఇది నా వెంట్రుకే కదా అని ఒళ్లు గుర్తుపట్టదు. పరాయిదేదో చొరబడిందని వాచి, ఎర్రబడి, చీము పట్టి యుద్ధం చేస్తుంది. మెడ మీద వెంట్రుకలు ఒక వరసలో పెరగవు. ఒకటి కిందికి, ఒకటి పక్కకి, కంఠం దగ్గర కొందరికి సుడి తిరిగి ఉంటాయి. అందుకే రావణకాష్ఠమంతా అక్కడే.

రింగుల జుట్టు ఉన్నవాళ్లకి ఈ బాధ మరీ ఎక్కువ. అమెరికా సైన్యంలో నల్లజాతి సైనికులు తరతరాలుగా దీంతో అవస్థ పడ్డారు. చివరికి 2020లో అక్కడి వైమానిక దళం, ఈ పొక్కులున్నవాళ్లు గెడ్డం గీయక్కర్లేదంటూ ఇచ్చే మినహాయింపును ఐదేళ్లకు పొడిగించింది. యుద్ధవిమానాలు నడిపే దళమే నున్నటి చెంప లేకపోయినా దేశం మునిగిపోదని అప్పట్లో ఒప్పుకుంది. మా పెళ్లిపెద్దలు ఇంకా ఒప్పుకోలేదు.

సెలూన్ కుర్రాణ్ణి ఒక్కణ్ణే అని ఏం లాభం? అతను చేత్తో చేసేదాన్ని కంపెనీలు మిషన్లో పెట్టి అమ్ముతున్నాయి. జిల్లెట్ వాళ్లు 1971లో రెండు బ్లేళ్లన్నారు, 1998లో మూడన్నారు, 2006లో ఐదుకి ఎక్కారు. ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది, వెనక బ్లేడు దాన్ని చర్మానికి దిగువన కోస్తుంది, ఇదీ వాళ్లు గర్వంగా చెప్పుకునే విద్య. పైన నేను రోగకారణం అని రాసినది, వాళ్ల ప్రకటనలో సుగుణం. ఇదే కంపెనీ మన దేశానికని వెక్టర్ అనే రేజరు తయారుచేసినప్పుడు, దాన్ని అమెరికాలో ఎంఐటీలో చదివే మన కుర్రాళ్లకిచ్చి పరీక్షించింది. బ్రహ్మాండం అన్నారు వాళ్లు. ఇండియా వచ్చేసరికి వెంట్రుకలు ఇరుక్కుని కదల్లేదది. హాస్టల్ కుర్రాడు పారే కుళాయి కింద కడిగాడు, ఇక్కడివాడు గ్లాసుడు నీళ్లలో ముంచాడు. మా తాడేపల్లిగూడెంలో నిట్ అప్పటికి రాలేదు గాని, వచ్చి ఉంటే ఆ హాస్టల్లో మోటారు ఆగిన పూట పరీక్ష పెట్టుకుని బాగుపడేవారు. తర్వాత బుద్ధిగా మన ఇళ్లల్లో కూర్చుని చూసి, 2010లో గార్డ్ అని పదిహేను రూపాయల రేజరు తెచ్చారు. దానికి ఎన్ని బ్లేళ్లనుకున్నారు? ఒకటి. పొక్కుల బాధ ఉన్నవాళ్లకి చాలామంది చర్మం డాక్టర్లు చెప్పేదీ ఆ ఒకటే. డబ్బున్నవాడు ఐదు బ్లేళ్లతో వెంట్రుకను పాతిపెట్టుకుంటుంటే, లేనివాడికి మేలైన సరుకు పొరపాటున దక్కింది. మన ఊళ్లో ఆ లేనివాడికి మాత్రం అది నామోషీ. ఎప్పుడు ఐదు బ్లేళ్లది కొంటానా అని చూస్తుంటాడు.

ఈ కేసులో అసలు తీర్పు ఏటా కార్తీకంలో వస్తుంది, ఏటా కొట్టేస్తాం. అయ్యప్ప మాల వేసుకున్నవాడు నలభై ఒక్క రోజులు కత్తి ముట్టడు. మొదటి వారం దురద. రెండో వారం ఇంకాస్త. నాలుగో వారానికి, లోపల చిక్కుకున్న వెంట్రుకలు పొడుగై స్ప్రింగులా వాటంతటవే బయటికి లేచొస్తాయి. పొక్కులు ఆరిపోతాయి, మెడ చల్లబడుతుంది. ముదిరిన కేసుల్లో డాక్టర్లు చెప్పే మొదటి మందు ఇదే: ఒక నెల గీయడం మానెయ్. కానీ ఇంట్లో వ్యాఖ్యానం వేరు. "కోడికూర మానేశాడుగా, వేడి తగ్గింది" అంటుంది వాళ్లమ్మగారు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన మర్నాడు స్వామి తిన్నగా సెలూన్‌కి వెళ్తాడు, నెలన్నర బాకీ తీర్చుకున్నట్టు రెండుసార్లు రివర్స్ కొట్టిస్తాడు. వారం తిరక్కుండా మెడంతా మళ్లీ ఎర్ర చుక్కలు. ఆ వారంలోనే కోడికూర కూడా తిన్నాడు కాబట్టి సిద్ధాంతం ఇంకోసారి రుజువైంది. కోడి బతికి ఉంటే పరువునష్టం దావా వేసేది.

ఆపైన వైద్యం. నిమ్మకాయ చెక్క రుద్దేవాళ్లు కొందరు, టూత్‌పేస్టు పూసేవాళ్లు కొందరు. గీసిన చర్మం మీద ఈ రెండూ పుండు మీద కారమే. ఇంతకంటే ప్రమాదం మందుల షాపులో ఉంది. "పొక్కులకి ఏదన్నా ఇయ్యి తమ్ముడూ" అనగానే బల్ల మీదికి ఒక ట్యూబు వస్తుంది. రాస్తే రెండు రోజుల్లో ఎరుపు మాయం. వెంట్రుక లోపలే ఉంది, దాని మీద జరుగుతున్న యుద్ధాన్ని మాత్రం ఆ ట్యూబులోని స్టెరాయిడ్ జోకొట్టింది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, కింద రక్తనాళాలు కనబడతాయి, ఎండలోకి వెళ్తే ముఖం మండుతుంది, మానేస్తే మొదటికంటే ఎక్కువగా తిరగబెడుతుంది. ఇలా పాడైన ముఖాలు ఎన్ని వస్తున్నాయంటే మన దేశపు చర్మవైద్యులే దానికి రోగం పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. 2018లో కేంద్రం ఈ స్టెరాయిడ్ పూతల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. చీటీ అడిగే షాపు మీ వీధిలో ఉంటే ఆ యజమానికి సన్మానం చేయండి, నేనూ వస్తాను.

ఆడవాళ్ల ఖాతా వేరే ఉంది. ముహూర్తాల సీజన్లో బ్యూటీ పార్లర్ ప్యాకేజీలో చేతులకీ కాళ్లకీ వ్యాక్సింగ్ తప్పనిసరి. పట్టీ వెనక్కి లాగినప్పుడు కొన్ని వెంట్రుకలు వేళ్లతో రావు, చర్మం కింద విరుగుతాయి. కొత్తగా మొలిచేవి సన్నగా ఉండి పైపొరను చీల్చలేక లోపలే చుట్టుకుంటాయి. బిగుతు లెగ్గింగ్స్ వాటికి మూత. గెడ్డం కింద ముదురు వెంట్రుకలు వస్తున్న అమ్మాయిని మాత్రం నెలనెలా త్రెడింగ్‌కి పంపుతారు గాని, నెలసరి సరిగా వస్తోందా అని ఎవరూ అడగరు. పీసీఓడీ ఏమో చూపించమని ఒక్కరైనా అంటే దారంతో, పొక్కులతో ఇన్నేళ్ల బాధ తప్పేది.

ఖర్చులేని వైద్యం మనవాళ్లకి రుచించదు గాని, ఉన్నది అదే. స్నానమయ్యాక, వెంట్రుక నాని మెత్తబడ్డాక గీయండి. వేలితో తడిమి వెంట్రుక ఎటు వాలి ఉందో చూసుకుని అటే గీయండి. చర్మం లాగొద్దు, గీసినచోటే మళ్లీ గీయొద్దు, మొద్దుబారిన బ్లేడు దాచుకోవద్దు. రాత్రిపూట సాలిసిలిక్ యాసిడ్ గాని అడపలీన్ గాని డాక్టరు చెప్పిన మోతాదులో రాసుకుంటే పైపొర ఊడి దారి ఇస్తుంది. వెంట్రుక ఉచ్చులా పైకి కనబడుతుంటే శుభ్రం చేసిన సూదితో కొస లేపి వదిలెయ్యండి. పిన్నీసుతో తవ్వి పీకితే నల్లమచ్చ మిగులుతుంది, కొందరికి గట్టి కాయలా కెలాయిడ్ కడుతుంది. చీము పట్టినా, షుగరున్నా డాక్టరు దగ్గరికే. లేజర్ పనిచేస్తుంది, మన ఛాయకి ఎన్‌డీ-యాగ్ రకం మేలంటారు. అయితే అది అనేక విడతల పని, ప్రకటనల్లో రాసినట్టు ఒక్క దెబ్బకి జన్మజన్మల విముక్తి కాదు.

అన్నిటికంటే తేలిక ట్రిమ్మరు. ఒక మిల్లీమీటరు గెడ్డం వదిలేస్తే వెంట్రుకకి వెనక్కి దూరే అవకాశమే ఉండదు. రివర్స్ కొట్టమంటారా అని అడిగే కుర్రాడి చెంపలు ఈసారి దగ్గర్నుంచి చూడండి, సన్నగా మాసి ఉంటాయి. అడిగితే దాచడు: "నాకు బ్లేడు పడదండి."

ఆ ఒక్క మిల్లీమీటరుకే పెళ్లివారింట్లో పేచీ. పెళ్లికొడుకు నున్నగా లేకపోతే ఫొటోల్లో బాగోదట. భీమడోలు నుంచి భీమవరం దాకా ఏ పెళ్లి ఆల్బమైనా తెరిచి చూడండి. పెళ్లికొడుకు చెంప, పెళ్లికూతురు చెంప, బుట్ట పట్టుకుని నిలబడ్డ అరవై ఏళ్ల మేనమామ చెంప, అన్నీ ఒకే నునుపు. అదంతా ఫొటోగ్రాఫర్ కంప్యూటర్లో చేసేశాడు, దాని డబ్బు ప్యాకేజీలో ముందే కట్టారు.