రాయి పెరగొచ్చు, పురుగు మారకూడదు

బనగానపల్లెలో ఉగ్గాణి బజ్జీ తింటూ డార్విన్ పేరెత్తి చూడండి. ప్లేటు ఖాళీ అయ్యేలోగా ప్రశ్న వస్తుంది: "కోతి మనిషి కావడం ఎవురు చూసినారప్పా?" న్యాయమైన ప్రశ్నే. అడిగిన పెద్దమనిషి చేతులు కడుక్కొని, ఆటో ఎక్కి, యాగంటికి పోతాడు. అక్కడ బసవన్న ఇరవై ఏళ్లకు ఒక అంగుళం పెరుగుతున్నాడంటే కళ్లకద్దుకుంటాడు. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లట, ఇప్పుడు సందు చాలక మానేశారట, అడ్డమొచ్చిన స్తంభాన్ని తీసేశారట, పురావస్తు శాఖ కూడా ఒప్పుకుందట. టేపు పట్టుకొని కొలిచిందెవరని మాత్రం అడగడు. కలియుగాంతంలో బసవన్న లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పారాయె. అంతటివాడికి కొలతలేమిటి?

నాకు బసవన్నతో పేచీ లేదు. ఆ లెక్కంటే ముచ్చటేస్తుంది కూడా. ఇరవై ఏళ్లకో అంగుళమంటే ఏ ఒక్కరి కంటికీ ఆనదు. తాత చూసిందీ మనవడు చూసిందీ పక్కపక్కన పెడితే తప్ప తేడా తేలదు. కొంచెం కొంచెంగా, తరాల తరబడి, ఎవరూ గమనించకుండా జరిగేదే పెద్ద మార్పు అని 1859లో డార్విన్ పుస్తకం చెప్పిందీ ఇదే. రాతికి ధారాళంగా ఇచ్చిన గడువు ప్రాణికి ఇవ్వడానికి మాత్రం మనకు చేతులు రావు.

సాక్షి ఏడీ అన్న ఈ బజ్జీల బండి ప్రశ్నను కేంద్ర ప్రభుత్వం దాకా తీసుకుపోయిన ఘనత సత్యపాల్ సింగ్ గారిది. 2018 జనవరిలో, మానవ వనరుల శాఖ సహాయ మంత్రిగా ఉంటూ, ఔరంగాబాద్‌లో ఒక మాటన్నారు. కోతి మనిషిగా మారడం చూశామని మన పూర్వీకులెవరూ చెప్పలేదు, రాయలేదు, కాబట్టి డార్విన్ తప్పు, పాఠాల్లోంచి తీసేయాలి అని. దేశంలోని మూడు సైన్సు అకాడమీలూ కలిసి ఖండించాయి. ఐదేళ్లకు ఆయన కోరిక సగం తీరింది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ, పిల్లల బరువు తగ్గించే పేరుతో, పదో తరగతి సైన్సు పుస్తకంలో పరిణామ పాఠాన్ని ఎత్తేసింది. పన్నెండులో జీవశాస్త్రం తీసుకున్నవాళ్లకు మాత్రం మిగిల్చింది.

సింగ్ గారు రాజకీయాల్లోకి రాకముందు ముంబై పోలీస్ కమిషనర్. కళ్లారా చూసినవాడు లేకపోతే జరగనట్టే అన్న సూత్రాన్ని ఆ కుర్చీలో ఎలా నెట్టుకొచ్చారో తెలియదు గానీ, మా సీమలో అది ఎప్పట్నుంచో అమల్లో ఉంది. నడిబజార్లో పట్టపగలు మనిషి పడిపోతాడు. కోర్టుకొచ్చేసరికి ఊరుఊరంతా ఆ పూట పెళ్లికి పోయి ఉంటుంది. ఇక నెత్తుటి మరకా, బాంబు పెంకూ మాట్లాడాల్సిందే. రాళ్లలోని ఎముకలు చేస్తున్నదీ ఆ పనే.

సింగ్ గారు ఆ మాటన్న ఏడాది తిరక్కుండానే, 2019 జనవరిలో, జలంధర్‌లో 106వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగింది. అక్కడ మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్ జి. నాగేశ్వరరావు గారు కౌరవుల్ని టెస్ట్ ట్యూబ్ బిడ్డల్ని చేశారు, రావణుడి దగ్గర 24 రకాల విమానాలు ఉన్నాయన్నారు, డార్విన్ సిద్ధాంతం కంటే మన దశావతారాలే మెరుగన్నారు. అంటే, డార్విన్ చెప్పింది తప్పు, కానీ మనం ముందే చెప్పాం! తప్పును ముందే కనిపెట్టిన జాతి ప్రపంచంలో మరొకటి ఉండదు.

సరే, ఆ వరస చూద్దాం. చేప, తాబేలు, పంది, సగం సింహం సగం మనిషి, పొట్టివాడు, గొడ్డలివాడు, విల్లువాడు. ఈ లెక్కన సింహానికీ మనిషికీ మధ్య లంకె దొరకాల్సింది ఆఫ్రికాలో కాదు, ఆళ్లగడ్డ మండలంలో, మన అహోబిలం ఉగ్రస్తంభం దగ్గర. నంద్యాల జిల్లావాళ్లం కాలరెగరేయొచ్చు. ఒక్కటే చిక్కు. దశావతారాల పట్టీ చూపించే నోరే, మనిషి కోతి నుంచి వస్తే కోతులింకా ఎందుకున్నాయని కూడా అడుగుతుంది. మరి ఆరో మెట్టు పరశురాముడు, ఏడో మెట్టు రాముడు పెళ్లి చేసుకొని ఊరికి పోతుంటే దారికి అడ్డం నిలబడి విల్లెక్కుపెట్టమన్నాడు కదా? పాత అవతారమూ కొత్త అవతారమూ ఒకే రోడ్డు మీద ఎదురుపడొచ్చు గానీ, కోతీ మనిషీ ఒకే కాలంలో ఉండకూడదా?

ఈ సనాతన సత్యం అచ్చులోకి ఎప్పుడెక్కిందో తెలుసా? 1877లో, న్యూయార్క్‌లో. ఆ పోలిక పెట్టిన తొలివారిలో ఒకరు మేడం బ్లావట్‌స్కీ, రష్యాలో పుట్టిన థియోసఫీ అమ్మగారు. డార్విన్ పుస్తకం వచ్చిన 18 ఏళ్లకు! అంతకుముందు వందల ఏళ్లు పురాణాలకు వ్యాఖ్యానాలు రాసిన మహా పండితులకు అవతారమంటే ధర్మరక్షణ. అహోబిలం కొండెక్కే భక్తుడికి ఇవాళ్టికీ అంతే. నరసింహస్వామిని తీసుకుపోయి పాలిచ్చే జంతువుల పట్టీలో ఎక్కించింది నాస్తికులు కాదు, ఆయన పేరు చెప్పుకునేవాళ్లు.

పక్క మతాలవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. మత సామరస్యంలో మా కడపకు సాటి లేదు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డని ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప గుడికి వచ్చి మొక్కు తీర్చుకుంటారు. అంతటి సఖ్యత మళ్లీ డార్విన్‌ను తిట్టేటప్పుడే చూస్తాం. ఒకాయన భూమి వయసు ఆరు వేల ఏళ్లంటాడు. ఆ లెక్క ఐర్లండు ఆర్చిబిషప్ అషర్ 17వ శతాబ్దంలో కట్టింది, సృష్టి క్రీ.పూ. 4004లో అని. పరిణామం ఊహ స్థాయిని దాటిందని 1996లో పోపే అన్నారంటే, "వాళ్లు వేరేలే అన్నా" అంటాడు. ఇంకొకాయన తుర్కీ రచయిత హారూన్ యాహ్యా పేరు చెబుతాడు. కోట్ల ఏళ్లుగా ప్రాణులు మారనే లేదని చూపడానికి ఆయన వేసిన రంగుల బొమ్మల గ్రంథంలో ఒక ఈగ ఉంది. చేపలు పట్టేవాళ్లు తయారుచేసుకున్న ఉత్తుత్తి ఈగ అది, కిందనున్న గాలం కొక్కెంతో సహా అచ్చయింది. ఆ కొక్కేన్ని మింగినవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు.

ఆరు వేల ఏళ్ల అన్నను నేను జ్వాలాపురం తీసుకుపోవాలనుకుంటాను. దూరమేమీ కాదు, యాగంటి ఉన్న బనగానపల్లె మండలమే. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద గాలికి కొట్టుకొచ్చి జుర్రేరు లోయలో మందంగా పేరుకుంది. అంటే అన్న లెక్కలో భూమి పుట్టడానికి 68,000 ఏళ్ల ముందే మన ఊళ్లో బూడిద పడిపోయింది! ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ప్రకటించింది. బూడిద పడకముందు ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులేనా అని పండితులు ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు. అది అసలైన వాదన, ఎందుకంటే ఇద్దరి చేతుల్లోనూ రాళ్లున్నాయి, విసురుకోవడానికి కాదు. మనవాళ్లు ఈలోగా ఆ బూడిద తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకున్నారు.

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల కథ ఇంకా విచిత్రం. డార్విన్ తరఫున ఇంగ్లండంతా పోట్లాడిన హక్స్‌లీ, ఆ గుహలు తవ్వితే ఆదిమానవుడి జాడ దొరకొచ్చునని మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్‌కు సూచించాడు. రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకూ 1880లలో తవ్వారు. ఆదిమానవుడి ఎముక దొరకలేదు. ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. దానికి రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని మన కర్నూలు పేరే పెట్టారు. గొర్రెకు గడ్డి దొరకని ఈ నేల మీద ఒకప్పుడు ఖడ్గమృగం మేసింది. బడి పిల్లల్ని ఆ గుహకు తీసుకుపోయిన ఉపాధ్యాయుడు ఎక్కడైనా ఉంటే ఆయనకు దండం.

హేతువాదులమని చెప్పుకునే మా వాళ్లేమీ తక్కువ తినలేదు. మైకు పట్టుకోగానే "మనిషి కోతి నుంచి పుట్టాడు" అనే తప్పుతోనే మొదలుపెడతారు. కోతీ మనమూ ఒకే పాత తాతకు పుట్టిన దాయాదులం. దాయాది తాత కాడు. దాయాదులన్నాక ఇద్దరూ ఒకే కాలంలో ఉంటారు, పక్కపక్కనే ఉంటారు, పడకుండానూ ఉంటారు. సీమలో ఇది విడమరచి చెప్పాలా?

ఇంతకీ చూసినవాళ్లు లేకపోలేదు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తి రైతును అడగండి. 2002లో బీటీ విత్తనం వచ్చింది, 2006లో రెండు రకాల విషంతో బోల్‌గార్డ్ 2 వచ్చింది. కాయ కొరికిన పురుగు చచ్చేది. ఎక్కడో ఒకటీ అరా తట్టుకున్నది బతికింది, తనలాంటి పిల్లల్నే కన్నది. 2015కల్లా గుజరాత్ చేలను గులాబీ రంగు పురుగు తినేసింది, ఆ వెనకే మన దాకా వచ్చింది. పూత మీదే రేకులు విచ్చుకోని గుడ్డిపూలు. కాయ పైకి పచ్చగా నిగనిగలాడుతుంది, గోటితో చీలిస్తే లోపల దూది పసుపెక్కి ముద్దకట్టి ఉంటుంది, గింజలో తలదూర్చి గులాబీ పురుగు. పదిహేనేళ్ల లోపల, ఒక్క రైతు కళ్ల ముందే, పెట్టుబడితో సహా జరిగిన పరిణామం ఇది.

ఇలా జరుగుతుందని ముందే తెలుసు కాబట్టే విత్తన సంచితో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల పొట్లం ఇచ్చారు, చేను చుట్టూ ఐదు వరసలు వేయమని. వాటిమీద బతికిన మామూలు పురుగులు మొండి పురుగులతో జతకడితే ఆ మొండితనం పలచబడుతుందని లెక్క. డార్విన్ సర్కారు ఆర్డరు మీద పల్లెకు వచ్చింది ఆ ఒక్కసారే. వచ్చినాయన్ని గట్టు మీద పారేశాం. ఇది చెబితే ఒక రైతన్న ఒప్పుకోలేదు: "పురుగు మారేదేంది సామీ, కంపెనీవోళ్లు గింజలో మందు తగ్గించినారు." నకిలీ విత్తనాల దెబ్బ తిన్నవాడు ఆ మాటనడంలో వింతేమీ లేదు. కంపెనీలకూ ప్రభుత్వానికీ విసుగొచ్చినట్టుంది. విడి పొట్లం బదులు ఇప్పుడు ఆ మామూలు గింజల్ని బీటీ గింజల్లోనే కలిపి ఒకే సంచిగా అమ్ముతున్నారు, పారేసే శ్రమ కూడా లేకుండా.