రోహిణిలో వేసిన గింజలు

పదకొండేళ్ళు ఫిల్మ్‌నగర్‌లో పల్లెటూరి సన్నివేశాలు రాశాను. ఉండేది ఎర్రగడ్డలో అద్దెగది. నా కథల్లో కొడుకు ఊరికి తిరిగొస్తాడు, పిడికెడు మట్టి తీసుకుంటాడు, వాన కురుస్తుంది. ఆ వాన ట్యాంకర్లో వచ్చేది. కాల్షీట్ ముగిసేలోపు కురిసి తీరాలి. చలికాలంలో ఎర్రగడ్డ రైతుబజార్లో పచ్చి కందికాయలు కొని ఉడకబెట్టుకు తినేవాణ్ణి. అవి ఏ కార్తెలో విత్తితే వచ్చాయని ఒక్కనాడూ అడగలేదు.

2023 వేసవిలో గది ఖాళీ చేసి, ముంబై రహదారి పట్టి, జహీరాబాద్ దగ్గరున్న మా మూడెకరాల ఎర్రచెలకకు చేరాను. ఇక తొందర లేదు, కాలంతోపాటే నడుస్తానని తెలిసినవాళ్ళందరికీ చెప్పాను.

వెళ్ళిన వారానికే రోహిణి కార్తెలో ఒక రాత్రి పెద్దవాన పడింది. తెల్లారి అమ్మ చెలకలో కూర్చుని వేళ్ళతో మన్ను తవ్వింది. బెత్తెడు దాటితే పొడి.

"మిరుగం రానీ బిడ్డా. ఇది పైపదునే. రోహిణి వానను నమ్మి గింజ ఎయ్యద్దు."

నేను వినలేదు. అప్పటికే ట్రాక్టర్ మాట్లాడేశాను.

విత్తనం మా ఇంట్లోనే ఉంది. పేడతో అలికిన బుట్టలో, బూడిద, వేపాకు కలిపి అమ్మ దాచిన కంది, జొన్న. ఆ కంది మా నాయనమ్మది. అమ్మ కాపురానికి వచ్చిన ఏడు నాయనమ్మ ఆమె చేతికిచ్చింది. అప్పట్నుంచి ప్రతి పంటలో మంచి మొక్కలు ఏరి, విడిగా ఎండబెట్టి, అమ్మ దాన్ని నిలబెట్టుకొచ్చింది. నాన్న పోయిన ఏడు కూడా ఆ పని ఆగలేదు. "సగమన్న ఉంచు కొడుకా" అంది. ఒక్క పూటలో బుట్ట దులిపేశాను.

ఐదో రోజుకు మొలకలొచ్చాయి. ఫొటోలు తీసి ఫిల్మ్‌నగర్‌లో మిత్రులకు పంపాను. ఆ ఏడు నైరుతి ఆలస్యమైంది. మిరుగం కార్తె అంతా ఎండ కాసింది. బిందెలతో నీళ్ళు పోశాను. మూడెకరాలకు బిందెలేం సరిపోతాయి? రుతుపవనాలు వచ్చేసరికి చెలకలో పచ్చటిదేదీ లేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఖాళీ బుట్ట కడిగి, గోడవారగా బోర్లించింది.

ఇంకా సిగ్గుపడేదొకటుంది. మా దగ్గరే పస్తాపూర్‌లో 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. ఆ సంఘాల దళిత మహిళలు పాతపంటల విత్తనాన్ని ఇళ్ళలోనే కాపాడుతూ, లేనివాళ్ళకిచ్చి, పంట వచ్చాక తిరిగి తీసుకుంటారు. 2019లో సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా ఇచ్చింది. ఇవన్నీ నాకు తెలుసు. ఒక కథ కోసం చదివి, నోట్సు రాసుకున్నాను. ఆ ఆడవాళ్ళు గింజకు ఇచ్చే విలువ కాగితం మీద నాకు గొప్పగా అనిపించింది. నా ఇంటి బుట్ట దగ్గర అది గుర్తే రాలేదు.

పక్క ఊళ్ళో సంఘంలో ఉన్న ఒక పెద్దమ్మ దగ్గర అమ్మ కంది విత్తనం అడిగి తెచ్చింది. జానెడు లోతు తడిశాక, అమ్మ సరేనన్నాకే వేశాం. సంక్రాంతి దాటాక కోశాం. తెచ్చిన శేరుకు రెండు శేర్ల లెక్కన తిరిగిచ్చాం. బుట్ట మళ్ళీ నిండింది.

నాయనమ్మ కంది కోసం చుట్టుపక్కల ఐదు ఊళ్ళు తిరిగాను. ఎవరి దగ్గరా లేదు.