ఆ పాఠం దాటేసే సైన్సు సారుకి బహిరంగ లేఖ



మీ పేరు రాయడం లేదు. రాయక్కర్లేదు కూడా, మీరు ఒక్కరైతే కదా! శ్రీకాకుళంలోనూ ఉన్నారు, ఆదిలాబాద్‌లోనూ ఉన్నారు. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం మొక్కల దాకా మీకు బ్రహ్మాండంగా నడుస్తుంది. మందార పువ్వు కోసుకొచ్చి మరీ కేసరాలు, అండాశయం చూపిస్తారు. మనిషి దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుని, "ఇది మీరే ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేస్తారు. లేదంటే మగపిల్లల్ని గ్రౌండుకు తోలేసి, ఆడపిల్లలకు పక్క క్లాసు మేడమ్‌తో ఓ పావుగంట చెప్పిస్తారు. (లోపల ఏం చెబుతున్నారా అన్నదే ఆ పావుగంటా గ్రౌండులో చర్చ.)

హెచ్ఐవి గురించి అసలే చెప్పరని అనను. ఒక మార్కు బిట్టు కదా, ఫుల్ ఫామ్ స్పెల్లింగుతో సహా బట్టీ పట్టిస్తారు. డిసెంబరు 1న పిల్లల్ని ఎండలో ఎర్ర రిబ్బను ఆకారంలో నిలబెట్టి, మేడ మీంచి ఫొటో తీయిస్తారు. మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. "ఎయిడ్స్‌ను తరిమికొడదాం" అని ర్యాలీలో గొంతు చించుకున్న పిల్లాడికి అది ఎలా వస్తుందో మాత్రం తెలియదు.

నేను ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవి పరీక్షల దగ్గర కౌన్సెలర్‌ని. మీ దగ్గర టెన్త్ పాసైన పిల్లలు కొన్నాళ్లకు నా ఎదుట కుర్చీలో కూర్చుంటారు. మొన్న ఒక మెకానిక్ కుర్రాడు వచ్చాడు. ఫుల్ ఫామ్ అడిగితే టకటకా అప్పజెప్పాడు. దోమ కుట్టినా వస్తుందని అంతే ధీమాగా చెప్పాడు. కండోమ్ అనే మాట దగ్గర మాత్రం తల వంచేసుకున్నాడు. తొందరపాటు జరిగిపోయాక వారం రోజులు ఫోన్‌లో వీడియోలు చూశాడట, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఏదో ఇంజెక్షన్ కూడా వేయించుకున్నాడట. 72 గంటల్లోపు వచ్చి ఉంటే నివారణ మందులు మొదలుపెట్టే వీలుండేది. వారానికే పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చినా నమ్మకం లేదు, మళ్లీ రావాల్సిందే. ఈ రెండు ముక్కలూ అతను మొదటిసారి వింటున్నది నా గదిలో. రిపోర్టు ఏమొచ్చిందో నేను రాయకూడదు, రాయను.

మన దగ్గర ఈ విషయం వీధికెక్కి ఇరవై ఏళ్లు దాటింది. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగులు మీరూ చూసే ఉంటారు. వీధికెక్కింది గానీ మీ తరగతి గడప మాత్రం దాటలేదు. 2021 జాతీయ అంచనాల్లో దేశం మొత్తం మీద వయోజనుల్లో హెచ్ఐవి 0.21 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. సగటుకు రెండు మూడు రెట్లు ఉన్నచోట కూర్చుని "ఇంటి దగ్గర చదువుకోండి" అంటున్నారు సార్ మీరు!

తప్పంతా మీ నెత్తినే రుద్దను. కేంద్రం కౌమార విద్య కార్యక్రమం తెస్తే, 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు అడ్డం తిరిగాయి. 2009లో మన వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య వద్దనే తేల్చింది. ఇది పాశ్చాత్యుల సరుకు అన్న వాదన సరికాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది గానీ, హెడ్‌మాస్టరు గదిలోకొచ్చి అరిచే తండ్రికి కోర్టు తీర్పులు వినిపించాల్సింది మీరే. చెబితే పిల్లలు చెడిపోతారన్నది ఆయన భయం. దేశదేశాల పరిశోధనలు పరిశీలించి యునెస్కో 2018లో తేల్చిందేమిటంటే, ఇలాంటి పాఠాలు లైంగిక చర్యలను పెంచవు. ఆ మాట ఆయనకు చెప్పి చూడండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మీ సైన్సు ల్యాబు గోడ మీద పుర్రె బొమ్మ వేసిన ఎయిడ్స్ చార్టు. మీ క్లాసులోనే, పుట్టుకతో వైరస్ వచ్చిన పిల్ల ఒకతి ఉండొచ్చు. రోజూ మాత్ర వేసుకుంటుంది, మీ అందరిలాగే బతుకుతుంది. క్రమం తప్పకుండా మందులు వాడి, రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే నిలకడగా ఉంటే లైంగికంగా మరొకరికి సోకదు. రేపు ఆమె తల్లయినా, మందులు వాడుతుంటే బిడ్డకు రాకుండా దాదాపుగా కాపాడుకోవచ్చు. 2017 హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆమెను బడిలో వేరుగా చూడటం నిషిద్ధం. ఆ పిల్ల రోజూ ఆ పుర్రె కిందే ప్రాక్టికల్స్ చేస్తోంది.

కాబట్టి ఈసారి ఆ పాఠం వచ్చినప్పుడు మగపిల్లల్ని గ్రౌండుకు పంపకండి. ఖాళీ సుద్దముక్కల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, పేర్లు రాయకుండా చీటీలు వేయమనండి. ముద్దు పెడితే వస్తుందా, పచ్చబొట్టు సూదితో వస్తుందా, వద్దంటే వినకపోతే ఎవరికి చెప్పాలి... అన్నీ ఆ డబ్బాలోకే వస్తాయి. జవాబు తెలియని వాటికి 1097కి ఫోన్ చేయండి, ఉచితం. మీకు నోరు పెగలకపోతే మా కౌన్సెలర్లను పిలవండి, వస్తాం. మేం వచ్చామని మీరు స్టాఫ్‌రూముకు జారుకోవద్దు. వెనక బెంచీలోనైనా సరే, కూర్చోండి. మేం వెళ్లిపోయాక మర్నాడు పిల్లలు అడగాల్సింది మిమ్మల్నే.

ఇట్లు,
ఒక ఆసుపత్రి కౌన్సెలర్