అమ్మ చేతి వంట, నాన్న నోటి మాట

ఆదివారం పొద్దున ఆరింటికి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో శంఖం మోగింది. పూరించింది మా పెద్దబావగారు. "బయటి తిండి విషం. ఇంటి వంట అమృతం. పొయ్యి వెలగని ఇల్లు ఆసుపత్రికి దగ్గర దారి. నచ్చితే పదిమందికి పంపండి." కింద దీపం బొమ్మ, దాని కింద అన్నపూర్ణాదేవి బొమ్మ. ఏడయ్యేసరికి పదిహేడు నమస్కారాలు పడ్డాయి. అందులో పదహారు మగవాళ్ళవి. పదిహేడోది మా అత్తయ్యది. ఆవిడ దేనికైనా నమస్కారమే పెడుతుంది, చావు కబురుకి కూడా.

ఆయన ఇది టైపు చేస్తున్నంతసేపూ మా తోడికోడలు అక్కయ్య పెసరట్లు పోస్తోంది. మూడో అట్టు తిరగేసేసరికి సందేశం పూర్తయింది. అల్లప్పచ్చడి ఇంకాస్త వెయ్యమనడానికి మాత్రమే మధ్యలో ఆగారట.

మధ్యాహ్నం భోజనమయ్యాక రెండో విడత వచ్చింది. "మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండేది. రోట్లో పచ్చడి నూరేది. తెల్లారుజామున లేచి పిండి రుబ్బేది. మజ్జిగ చిలికేది. అందరికీ వడ్డించి, ఆఖర్న మిగిలింది తినేది. మేం అరిటాకుల్లో కడుపారా తినేవాళ్ళం. ఏవీ ఆ రోజులు?"

చదివి నాకూ కళ్ళు చెమర్చబోయాయి కానీ, చిన్నప్పుడు తెలుగు మాస్టారు నేర్పిన పాడలవాటు ఒకటుంది, వాక్యం కనిపిస్తే క్రియ వెతకడం. వెతికాను. అమ్మకి ఐదు క్రియలు, అందులో నాలుగు చాకిరీవి, ఒకటి ఆఖరి పంక్తిది. బావగారికి దక్కిన క్రియ ఒకటే: తినేవాళ్ళం. ఇంటి వంట మీద మన మగవాళ్ళు రాసే జ్ఞాపకాలన్నీ ఏరి చూడండి, ఈ నిష్పత్తి ఎక్కడా తప్పదు. మన వ్యాకరణం కూడా పాపం బావగారి పక్షమే. 'అమ్మ రుబ్బుతుంది', 'గ్రైండర్ రుబ్బుతుంది'. రెంటికీ ఒకటే రూపం. నాన్నగారు రుబ్బితేనే క్రియ మారాలి. ఆ రూపం వాడే అవసరం రాక అటక మీద తుప్పుపట్టి ఉంది.

కేంద్ర గణాంక శాఖ జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి లెక్క తీసింది. జీతం లేని ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్ళ సగటు 2019లో ఆడవాళ్ళకి రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళకి 97. మగవాళ్ళలో చెయ్యి పెట్టనివాళ్ళే ఎక్కువ, వాళ్ళు ఈ సగటులోకే రారు. 2024కి వచ్చేసరికి ఆడవాళ్ళది 289కి తగ్గింది. మధ్యలో ఎన్ని రెడీమేడ్ పిండ్లు, ఎన్ని అల్లం వెల్లుల్లి ముద్దలు, ఎన్ని డెలివరీ బళ్ళు వచ్చాయో మీకు తెలుసు. అన్నీ కలిసి ఆడదానికి ఇచ్చిన వెసులుబాటు పది నిమిషాలు. అదే ఐదేళ్ళలో మగవాళ్ళది 97 నుంచి 88కి దిగింది. ఆవిడకి పది నిమిషాలు తగ్గితే మనమేం తక్కువ తిన్నామని వీళ్ళు తొమ్మిది తగ్గించుకున్నారు. తక్కువ తినలేదు నిజమే.

ఆ 289 ఎలా ఉంటుందో మా వంటింట్లోకి వచ్చి చూడండి. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఐదుంబావుకి లేస్తాను. కుక్కర్లో కింద గిన్నెలో పప్పు, పై గిన్నెలో బియ్యం. రెండో పొయ్యి మీద దొండకాయ వేపుడు. ఆ దొండకాయలు రాత్రి టీవీ ముందు కూర్చుని తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకున్నవి. చిన్నదానికి కారం తగలకూడదు. పెద్దవాడికి కారం లేకపోతే డబ్బా వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొస్తుంది. అందుకని వేపుడు సగంలో రెండు దేశాలుగా విడిపోతుంది. పిల్లలకి చెరో రెండు డబ్బాలు, పదకొండింటి చిరుతిండికొకటి, మధ్యాహ్నానికొకటి. మాకు చెరొకటి. ఆరు డబ్బాలు, ఆరు మూతలు. రోజూ ఒక మూత కనపడదు. ఏడున్నరకి పిల్లల బస్సు, ఎనిమిదింబావుకి కేపీహెచ్‌బీలో నా మెట్రో. ఈ మధ్యలో ఆ మూత దొరకాలి.

సాయంత్రం ఏడున్నరకి నాంపల్లి నుంచి మెట్రోలో నిలబడి వచ్చి, చెప్పులు విప్పుతుంటే సోఫాలోంచి ఒక ప్రశ్న వస్తుంది. "ఈ పూట కూరేంటి?" చాలా మర్యాదైన ప్రశ్న. ఇందులో కర్త లేడు. ఎవర్నీ ఏమీ చెయ్యమనలేదు. కూర అనే పదార్థం ఎక్కడో తనంతట తాను ఉద్భవిస్తోంది, దాని పేరేమిటో తెలుసుకుందామన్న విజ్ఞాన జిజ్ఞాస, అంతే.

'ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి వెళ్ళాకే వంటిళ్ళు పాడయ్యాయి' అని బావగారి సిద్ధాంతం. ఈ సిద్ధాంతం ఫ్లాటు కొనేరోజున మాత్రం సెలవు తీసుకుంటుంది. ఆ రోజు లోను పత్రాల మీద రెండు జీతాలూ పక్కపక్కనే కూర్చోవాలి. 'ఇద్దరి జీతంతో కట్టే ఇంటి అప్పు విషం' అని ఇంతవరకూ ఎవరూ పదిమందికి పంపలేదు. సంపాదనకి నాలుగు చేతులు, వంటకి రెండే చేతులు, ఉపన్యాసానికి ఒక్క బొటనవేలు. మా ఇళ్ళలో శ్రమ విభజన ఇది.

బయటి తిండి నిన్న మొన్న ఫోనులోంచి పుట్టిన పాపమని ఇంకో మాట. కాకతీయుల ఓరుగల్లును చూపించే 'క్రీడాభిరామం'లో ఊరు తిరగడానికొచ్చిన ఇద్దరు మిత్రులకి పూటకూటింట్లో భోజనం దొరుకుతుంది. ఒక్క రూకకి మేలిరకం బియ్యపన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. దానికి ఎవరూ విషమని పేరు పెట్టలేదు, కావ్యంలోకి ఎక్కించారు. 'కన్యాశుల్కం'లో గిరీశం విజయనగరంలో ఇంగ్లీషు ముక్కలు దంచుతూ బతికింది పూటకూళ్ళమ్మ పెట్టిన కూటి మీదే. ఆవిడ విధవ. నలుగురికి వండిపెట్టి డబ్బులు తీసుకుని తన బతుకు తాను బతికింది. మన సాహిత్యంలో వంటకి డబ్బు పుచ్చుకున్న ఆడది కనిపించేది అలాంటి చోటే. ఇవాళ మన సందు చివర ఉన్న కర్రీ పాయింట్ ఆ పూటకూటింటికి మునిమనవరాలు.

అలాగని అమ్మేవాళ్ళు తక్కువేం కాదు. ఏ పొట్లం చూసినా 'అమ్మ చేతి రుచి'. ఏ అమ్మో, ఏ చెయ్యో చెప్పరు. బజారు నిండా 'హోమ్ ఫుడ్స్' బోర్డులు. వెనక షెడ్డులో పాతిక లీటర్ల బాండీ, షిఫ్టుల వారీగా పనివాళ్ళు, ముందు బోర్డు మీద మాత్రం హోమ్. అమెరికా వెళ్ళే సూట్‌కేసులో సగం బరువు ఆ హోమ్‌దే. పదినిమిషాల్లో ఇంటికి బిర్యానీ అంటారు. అది పదినిమిషాల్లో వండిందైతే తినకూడదు, ఎప్పుడో వండిందైతే అడక్కూడదు.

ప్రభుత్వానికీ ఈ తికమక తప్పలేదు. పొట్లంలో అమ్మే పరోటా రొట్టెల జాతిలోది కాదు, కాబట్టి 5 శాతం చాలదు, 18 శాతం జీఎస్టీ కట్టాలని 2020లో కర్ణాటకలో ఒక పన్ను తీర్పు వచ్చింది. దేశమంతా నవ్వింది. చివరికి 2025 సెప్టెంబరు 22 నుంచి రొట్టెకీ పరోటాకీ కలిపి సున్నా చేశారు. పరోటా కులం తేల్చడానికి ఐదేళ్ళు పట్టింది. ఇంట్లో ఒత్తే రొట్టెకి మాత్రం మొదటినుంచీ ఏ పేచీ లేదు. పన్నూ సున్నా, కూలీ సున్నా.

ఆరోగ్యం మాటేమిటంటారా? అందులో బావగారి మాట పూర్తిగా కొట్టెయ్యను. హోటలు బాండీలో నూనె ఎన్నిసార్లు మరిగిందో దేవుడికే తెలియాలి. అందుకే ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి వాడిన నూనెకి పరిమితి పెట్టింది, మరిగి మరిగి పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే అది వంటకి పనికిరాదు. పచ్చిగుడ్డు మయోనైజ్‌ని తెలంగాణ 2024 అక్టోబరులో ఊరికే నిషేధించలేదు. కానీ ఇదే హైదరాబాదులో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రోజుకి ఐదు గ్రాముల ఉప్పు చాలని అది చెబుతుంటే, మన ఇంటి పళ్ళెంలో ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఉప్పేసిన మజ్జిగ వరసగా కూర్చుంటాయి. అమ్మ కలిపిందని ఉప్పు గుణం మార్చుకోదు. బీపీకి మమకారం తెలీదు. పండగ నాడు గారెలు వేయించిన నూనె మర్నాడు వేపుడుకీ, ఆ మర్నాడు తాలింపుకీ వాడే ఇళ్ళు ఎన్ని లేవు? ఆ నూనె కూడా హోమే.

ఇక అసలు కథ. పోయిన శ్రావణంలో మా అక్కయ్య డాలస్ వెళ్ళింది. అమ్మాయికి పురుడు, ఆరు నెలలు. బావగారు ఇక్కడే ఉండిపోయారు, ఆయనకి విమానంలో కాళ్ళు వాస్తాయి. వెళ్ళేముందు ఆవిడ కందిపొడి, కరివేపాకు పొడి, నాలుగు రకాల పచ్చళ్ళు సీసాలకి ఎత్తి, ఒక్కోదానికి పేరు రాసి అంటించింది. ఉప్పు డబ్బాకి కూడా అంటించింది, పంచదార అనుకుంటారేమోనని.

మూడోరోజు రాత్రి ఎనిమిదింటికి నేను నిజాంపేట రోడ్డులో కర్రీ పాయింట్ దగ్గర నిలబడ్డాను. మా ఇంట్లో అన్నం వండేశాను, కూరకి ఓపిక లేదు. వరసగా స్టీలు గిన్నెలు, ఒక్కో దానిలో ఒక్కో గరిటె. కుర్రాడు కవరు నోరు తెరిచి, గరిటెన్నర పప్పు పోసి, కాస్త గాలి ఉంచి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు తిప్పేస్తున్నాడు. రెండు సెకన్ల పని. కవరు బుగ్గలు పూరించినట్టు బిగుసుకుంటోంది. నా ముందు వరసలో చాలా పరిచయమున్న బట్టతల. ఒక చేతిలో వేడి సాంబారు, ఇంకో చేతిలో గోంగూర పప్పు.

"బావగారూ!" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగారు. సాంబారు కవరుని వీపు వెనక దాచబోయారు కానీ కాలింది. "మీ అక్కయ్య లేదు కదమ్మా!" అన్నారు.

ఇంటి వంట మీద ఇంతకన్నా నిజాయితీ గల మాట నేను వినలేదు. ఇల్లు ఇక్కడే ఉంది. పొయ్యి ఉంది, సిలిండరు నిండుగా ఉంది, గూట్లో కందిపప్పు ఉంది, రోలు కూడా బాల్కనీలో తులసికోట పక్కన ఉంది. అయినా ఇంటి వంట ఊళ్ళో లేదు. పాస్‌పోర్టు పట్టుకుని డాలస్ వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ ఆయన అమృతమన్నది ఇంటిని చూసి కాదు, ఒక మనిషిని చూసి. ఆ మనిషి పేరు మాత్రం ఏ సందేశంలోనూ రాయలేదు.

పది రోజుల తర్వాత గ్రూపులో కొత్త వాక్యం వచ్చింది. "నిజాంపేట రోడ్డులో ఒక కర్రీ పాయింట్ ఉంది. అచ్చం ఇంటి వంటలాగే ఉంటుంది." విషానికి ప్రమోషన్ వచ్చింది. ఈసారి నమస్కారాలు తక్కువే పడ్డాయి, చిరునామా అడిగినవాళ్ళు ఎక్కువ.

రెండు నెలలకి కర్రీ పాయింట్ సోడా ఉప్పు బావగారి కడుపులో తిరుగుబాటు చేసింది. అప్పుడు ఫోన్ చేశారు. "అమ్మా, పప్పులో ఉప్పు ముందెయ్యాలా, తర్వాతా?" రిటైరై ఆరేళ్ళు, పెళ్ళయి నలభై ఏళ్ళు. వంటింటి గురించి 'కూరేంటి' కాకుండా ఆయన అడిగిన మొదటి ప్రశ్న. ఉడికాక వెయ్యమన్నాను.

ఆ రాత్రి గ్రూపులో ఫోటో వచ్చింది. గాజు గిన్నెలో టమాటా పప్పు, మధ్యలో ఒక ఎండుమిరపకాయ నిటారుగా. కింద రాత: "నా చేతి వంట. నలభీమపాకం!" చూశారా మన భాష తమాషా? రోజూ వండేది ఆవిడ, వంట గొప్పగా కుదిరితే బిరుదు నలుడికీ భీముడికీ. ఆ ఇద్దరైనా సరదాకి గరిటె పట్టినవాళ్ళు కారు. నలుడు రాజ్యం పోయి రూపం మారాక బాహుకుడయ్యాడు. భీముడు విరాటుడి కొలువులో వలలుడైంది ఒక్క ఏడాది, అదీ అజ్ఞాతవాసంలో. మన పురాణాల్లో మగవాడు వంటింట్లోకి రావాలంటే రాజ్యమైనా పోవాలి, వేషమైనా మారాలి. బావగారికి భార్య డాలస్ వెళితే సరిపోయింది, అదృష్టవంతులు.

పదిహేడు పోయి ముప్ఫైనాలుగు నమస్కారాలు పడ్డాయి. చప్పట్లు, దండలు, 'అన్నయ్యా సూపర్' లు. అక్కయ్య నలభై ఏళ్ళ పప్పుకి ఒక్క ఫోటో లేదు, ఈ పప్పుకి ఊరేగింపు.

డాలస్‌లో అప్పటికి తెల్లవారింది. గ్రూపులో ఎప్పుడూ ఏమీ రాయని అక్కయ్య ఒకే ఒక వాక్యం రాసింది.

"గిన్నెలు ఎవరు తోమారు?"

బావగారి పేరు పక్కన 'టైపింగ్' అని చాలాసేపు కనిపించింది. కాసేపటికి అదీ ఆగిపోయింది.