అలాస్కాకు వెళ్లిన ఫ్లాస్కు

ఆత్మకథ రాసేవాళ్లు ‘నేను’ అని మొదలుపెడతారు. ఈ ఫ్లాస్కుకు ఆ అలవాటు లేదు. ముప్ఫయ్యేళ్లుగా దాని చెవిన పడ్డ మాటలు ‘అదెక్కడ పెట్టారు’, ‘దాన్ని వేణ్నీళ్లతో కడిగారా’, ‘దాని మూత గట్టిగా బిగించండి’ ఇవే. కాబట్టి తన కథ తానే చెప్పుకోవాల్సి వచ్చినా ‘అది’ అనే చెప్పుకుంటుంది.

దాన్ని కొన్నది విజయవాడ బీసెంట్ రోడ్డులో. పైన నీలం ప్లాస్టిక్ తొడుగు, లోపల గాజు బుడ్డి, లీటరు పడుతుంది. చాలాకాలం దానికి తెలిసిన లోకాలు రెండే: ఆసుపత్రి, రైలు. ఇంట్లో ఎవరికి పురుడొచ్చినా, ఎవరికి ఆపరేషనైనా అటక దిగేది. పాలో, బార్లీ నీళ్లో మోసుకెళ్లి మనిషితో పాటే డిశ్చార్జి అయి వచ్చేది. అది వీధి అరుగు మీద ఎండలో కనబడితే చాలు, ‘ఎవరికి బాగోలేదమ్మా?’ అంటూ పక్కింటివాళ్లు పలకరింపుకి వచ్చేసేవారు.

దానికి కాస్త గౌరవం దొరికింది ఇంటాయన వల్ల. ఆయన దివిసీమలో ఓ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు, ఊరందరికీ మాస్టారు. ఉష్ణం పాఠం వచ్చిన రోజున దాన్ని చంకన పెట్టుకుని క్లాసుకు తీసుకెళ్లేవారు. ఒక గాజు సీసాలో ఇంకో గాజు సీసా, రెండూ మూతి దగ్గర అతికి ఉంటాయి, మధ్యన గాలి తీసేస్తారు, గోడలకు వెండిపూత పూస్తారు, వేడి పోదామన్నా దారి ఉండదు అని చూపించేవారు. దీన్ని 1892లో తయారుచేసిన స్కాట్లండు శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవార్‌కు కాఫీ గొడవే లేదు. ద్రవంగా మారేంత చల్లబరిచిన వాయువులు మళ్లీ ఆవిరైపోకుండా దాచుకోవాలన్నదే ఆయన బాధ. ఆయన పేటెంటు తీసుకోలేదు. 1904లో జర్మనీలో దాన్ని ఇంటి సామానుగా చేసి అమ్మకానికి పెట్టారు. ఆయన కోర్టుకెక్కి ఓడిపోయాడు. అంటే ఫ్లాస్కు వంశం పుట్టిందే చలిని కాపాడటానికి. ఈ సంగతి పిల్లలు పరీక్షలవగానే మరిచిపోయేవారు. ఫ్లాస్కు మరిచిపోలేదు.

మాస్టారికి, మామ్మగారికి పెళ్లయి 2024 వేసవికి యాభై ఏళ్లు. అమెరికాలో స్థిరపడ్డ ముగ్గురు పిల్లలూ కలిసి అలాస్కా క్రూయిజు అన్నారు. సియాటిల్‌లో ఎక్కి మళ్లీ సియాటిల్‌లోనే దిగడం, ఏడు రాత్రులు. పిల్లలూ, వాళ్ల జంటలూ, ఏడుగురు మనవలు, పెద్దవాళ్లిద్దరు, డల్లాస్‌లో తమ కొడుకు దగ్గరుంటున్న వియ్యాలవారిద్దరు, మొత్తం పదిహేడుమంది. వియ్యంకుణ్ణి వారంరోజులు ఒకే ఓడలో ఎదురుగా పెట్టుకుని ఎలా గడపాలన్నది మాస్టారి మొదటి సందేహం. రెండోది వీసా.

అలాస్కా అమెరికాదే. 1867లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు కొన్నారు. అయినా మాస్టారు దంపతులు కెనడా వీసా తీసుకోవాల్సి వచ్చింది. కారణం 1886 నాటి ఓ చట్టం. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో ఒక్క విదేశీ రేవైనా తాకకుండా అమెరికా రేవులోనే దించకూడదు. పెద్ద క్రూయిజు ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ ఓడలు చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగి వస్తాయి. గ్రీన్‌కార్డున్న వియ్యాలవారికి ఆ వీసా అక్కర్లేదు. ఇండియా పాస్‌పోర్టుతో చూడటానికి వచ్చినవాళ్లకు కావాలి. ఆ కాసేపటి కోసం మామ్మగారు హైదరాబాదు వెళ్లి వేలిముద్రలు వేశారు. అంట్లు తోమి, చింతపండు పిసికి అరిగిన వేళ్లు; మూడుసార్లు నొక్కితే గానీ యంత్రం ఒప్పుకోలేదు.

రేవులో సామాను ఎక్స్‌రే దగ్గర అసలు నాటకం నడిచింది. ఇంట్లో వండినది ఏదీ ఓడలోకి రాకూడదు గనక ఆవకాయ సీసా ముందే సియాటిల్ శివారు బాతెల్‌లోని పెద్దకొడుకు ఇంట్లో ఆగిపోయింది. సీలు తీయని గోంగూర ప్యాకెట్లు గట్టెక్కాయి. కోడలు బట్టల మధ్య చుట్టి తెచ్చిన చిన్న రైస్ కుక్కరు మాత్రం దొరికిపోయింది. వేడి పుట్టించే వస్తువేదైనా ఓడకు నిప్పు భయమే. రసీదు రాసిచ్చి, దిగేరోజు తీసుకోమన్నారు. తర్వాత ఫ్లాస్కు వంతు. అటూ ఇటూ తిప్పి చూశారు, వదిలేశారు. అది వేడిని పుట్టించదు, పెట్టింది దాస్తుంది, అంతే.

అలా పదిహేడుమంది తెలుగువాళ్లకూ ఆ ఓడలో మిగిలిన సొంత వంటిల్లు ఆ లీటరు ఫ్లాస్కు.

తిండికి లోటని కాదు. పొద్దున ఆరు నుంచి అర్ధరాత్రి దాకా ఏదో ఒకటి వడ్డిస్తూనే ఉంటారు. బఫేలో పప్పు ఉంది, పొడిపొడిగా అన్నమూ ఉంది. లేనిదల్లా మామ్మగారికి పని. యాభై ఏళ్లలో మొదటిసారి ఆవిడకు పొద్దున్నే పొయ్యి దగ్గరికి వెళ్లే అవసరం రాలేదు. మొదటిరోజు తెల్లవారుజామున నాలుగింటికే లేచి గదిలో కూర్చున్నారు. అక్కడ జూన్‌లో అప్పటికే వెలుతురు. చివరికి ఫ్లాస్కు పట్టుకుని వేణ్నీళ్లకు బయల్దేరారు.

బఫే దగ్గర గోవా కుర్రాడు ఆపాడు. సీసా మూతి కుళాయికి తగలకూడదట. కప్పులో పట్టి, ఎత్తి పోసుకోవాలట. నోరోవైరస్ అనే వాంతుల జబ్బు చేతుల నుంచి నోటికి, నోటి నుంచి కుళాయికి పాకి ఓడంతా పడకేయిస్తుందని హిందీలో వివరించాడు. మామ్మగారికి హిందీ సగమే అర్థమైంది, విషయం మాత్రం పూర్తిగా. ‘ఎంగిలి అంటున్నాడే!’ అని పొంగిపోయారు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో పిల్లల ఇళ్లలో ఇన్నాళ్లు నవ్వులపాలైన మాట ఇక్కడ ఓడ చట్టమై కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ కుర్రాడు ‘బాబూ’ అయిపోయాడు.

కెచికాన్ రేవులో వాన. అక్కడ ఏడాదికి 150 అంగుళాలదాకా కురుస్తుంది కాబట్టి వాన గురించి చెప్పాల్సింది ఇంకేమీ లేదు. జూనో అలాస్కా రాజధాని, కానీ బయటి ఊళ్లనుంచి అక్కడికి రోడ్డే లేదు. విమానంలో వెళ్లాలి, లేదా నీళ్ల మీద. వచ్చే ఓడల తాకిడికి ఊరివాళ్లు ఉక్కిరిబిక్కిరై, రోజుకు ఐదు పెద్ద ఓడలకు మించకూడదని కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు. అది ఆ ఏడే మొదలైంది. ఐదు ఓడల జనంలో ఒక మనవడు పావుగంట తప్పిపోయాడు. దొరికాక వాణ్ణి తిట్టేవాళ్లు పదహారుమంది.

స్కాగ్‌వేలో కాస్త నిలవాలి. 1897-98లో కెనడాలోని క్లాండైక్ బంగారం కోసం వేలమంది ఇక్కడ దిగి కొండలెక్కారు. సరిహద్దులో కెనడా పోలీసులు ఒక్కొక్కరినీ ఏడాదికి సరిపడా తిండీ సామానూ, దాదాపు టన్ను బరువు, ఉంటేనే లోపలికి రానిచ్చారు. దాన్ని మంచులో వీపు మీద పదులసార్లు ఎక్కి దిగి మోశారు. ఆ తర్వాత 1900 నాటికి పూర్తయిన మూడడుగుల నారోగేజీ రైలులోనే ఈ పదిహేడుమందీ వైట్‌పాస్ ఎక్కారు. గైడు టన్ను సామాను కథ చెబుతుంటే వియ్యపురాలు మామ్మగారి వైపు వంగి, ‘ఏడాది పచ్చళ్లు ఒకేసారి పెట్టుకోవడంలాంటిదే కదా వదినగారూ’ అన్నారు. పాతికేళ్ల వియ్యంలో ఆవిడ వేసిన మొదటి హాస్యం అదే. ఫ్లాస్కులో ఇన్‌స్టంట్ కాఫీ ఉంది. మూత కప్పు ఒకటే. వియ్యంకులిద్దరూ ‘ముందు మీరు బావగారూ’, ‘అబ్బే, మీరే’ అనుకుంటుండగా అది చల్లారిపోయింది. ఫ్లాస్కు లోపలిది కాపాడగలదు. బయట మర్యాదలకు అది బాధ్యత వహించదు.

గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు క్రూయిజు ఓడలనే రానిస్తారు. పొద్దున్నే చిన్న పడవలో పార్కు రేంజర్లు వచ్చి ఓడెక్కి, మైకులో కథ చెప్పారు. 1794లో బ్రిటిష్ నావికుడు వాంకూవర్ నౌకలు వచ్చినప్పుడు ఇక్కడ అఖాతం దాదాపు లేనట్టే, కొన్నిచోట్ల 4,000 అడుగులకు మించిన మందాన మంచు. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు 48 మైళ్లు వెనక్కి పోయింది, 1916కల్లా 65 మైళ్లు. అంటే మోటారు కార్లు పుట్టకముందే అది వెనకడుగు వేసింది. కాని ఇప్పుడు అలాస్కా అంతటా హిమానీనదాలు కరిగిపోతున్న తీరు వేరు, దానికి వేడెక్కిన గాలి కారణం. ఆ కరగడం చూడటానికి ఓడ పొగగొట్టం కింద నిలబడి వెళ్లడంలో ఉన్న తిరకాసు ఫ్లాస్కుకు తోచింది. ఓడలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మార్జరీ గ్లేసియరు ముందు ఓడ ఇంజను నెమ్మదించింది. మైలు వెడల్పు గోడ, నీటి పైన 250 అడుగులు. డెక్కు మీద ఈదురుగాలి. మాస్టారు మంకీ క్యాపు, దాని మీద మఫ్లరు, ఆ పైన మనవడి జాకెట్టు టోపీ. ఉన్నట్టుండి గోడలోంచి ఓ ముక్క జారింది. నీళ్లు లేచాయి. ఆ తర్వాత మోత. ట్లింగిట్ జాతివాళ్లు దాన్ని తెల్ల ఉరుము అంటారట. మాస్టారు వేళ్లు మడుస్తూ, ‘చూపుకీ చప్పుడుకీ రెండున్నర సెకన్లు. ఎంత దూరంరా?’ అని మనవణ్ణి అడిగారు. వాడు ఫోను తీశాడు. ‘నోటితో చెప్పరా. సెకనుకి 330 మీటర్లు.’ వాడు తడుముకుంటూ 800 దాటించాడు. మంచు నీలంగా ఎందుకుంది అని చిన్న మనవరాలు అడిగితే, గడ్డకట్టి ఒత్తుకుపోయిన మంచు ఎర్ర కాంతిని మింగేసి నీలాన్ని వదిలేస్తుందని చెప్పారు. ‘మన ఫ్లాస్కు కూడా నీలమే’ అంది ఆ పిల్ల. దాని గురించి ‘మన’ అన్న మాట ఫ్లాస్కు విన్నది అప్పుడే.

రేంజరు ఇంకో సంగతి కూడా చెప్పింది. ఈ అఖాతం హూనా ట్లింగిట్‌ల సొంత ఊరు. 1700ల్లో మంచు పెరిగి పెరిగి వాళ్ల ఇళ్ల మీదికి వస్తే వదిలి పారిపోయారు. 2016లో అఖాతం మొదట్లో, బార్ట్‌లెట్ కోవ్ దగ్గర, వాళ్ల పెద్దిల్లు మళ్లీ లేచింది. మాస్టారు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో బతికిన మనిషి. ‘మనకు నీళ్లొచ్చాయి, వీళ్లకు మంచొచ్చింది’ అన్నారు, ఎవరితోనో తెలియదు. మామ్మగారు ఏమీ అనలేదు. మూత తిప్పి, కప్పులో వేణ్నీళ్లు పోసి చేతికిచ్చారు.

విక్టోరియాలో ఓడ ఆగేసరికి చీకటి పడబోతోంది, చినుకులు. అన్ని పాట్లుపడి వీసా తెచ్చుకున్న ఇద్దరూ దిగలేదు. ఆయన నిద్రపోయారు, ఆవిడ చీరలు మడతపెట్టారు. వీసా అక్కర్లేని వియ్యాలవారు మాత్రం దిగి, ఊరు చుట్టి, వీళ్ల కోసం చాక్లెట్లు తెచ్చారు.

మర్నాడు పొద్దున ఆరింటికి, దిగబోయే ముందు, మామ్మగారు చివరిసారి బాబూ దగ్గరికి వెళ్లి కప్పుతో ఎత్తి పోసి ఫ్లాస్కు నింపారు. దారికి అన్నారు. రసీదు చూపించి కుక్కరు విడిపించుకున్నారు. దారిలో ఎవరికీ దాహం వేయలేదు. మధ్యాహ్నం బాతెల్‌లో కుక్కరు ఎక్కింది, ఆవకాయ సీసా మూత లేచింది, పదిహేడుమందీ నేల మీదే కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి మామ్మగారు ఫిల్టరులో కాఫీపొడి వేసి, ఫ్లాస్కు మూత తిప్పారు. ఆవిరి లేచింది. ఆ నీళ్లనే ఇంకాస్త కాచి పొడి మీద పోశారు.

మాస్టారు గ్లాసు అందుకుని, ‘ఇంతకీ ఇవి అలాస్కా నీళ్లా, కెనడా నీళ్లా?’ అన్నారు.

‘చల్లారిపోతోంది, తాగండి’ అన్నారావిడ.