ఫిల్టర్ నిర్ణయ చంద్రిక

ఏ శాస్త్రానికైనా ముందు అనుబంధ చతుష్టయం చెప్పాలి. ఈ శాస్త్రానికి విషయం ఫర్నేసు ఫిల్టరు. ప్రయోజనం, జనవరిలో మిషిగన్‌లో వణక్కుండా ఉండడం. అధికారి, పాత ఇల్లు కొనుక్కుని దానితోపాటు వచ్చిన ఫర్నేసును ఇంకా మార్చని గృహస్థు. సంబంధం అంటారా, రిటర్న్ డక్టుకీ బ్లోయరుకీ నడుమ ఉన్న అంగుళం సందు.

ఫిల్టరు అట్టపెట్టె మీద వడపోత సత్తా చెప్పే అంకెల విషయంలో మతత్రయం ఉంది. మెర్వ్ మతానికి మూలగ్రంథం అమెరికా హీటింగ్, ఏసీ ఇంజనీర్ల సంఘమైన అష్రే వారి 52.2 ప్రమాణం, అంకెలు 1 నుంచి 16. 3ఎం వారిది ఎంపీఆర్ మతం, అంతా వందల్లో, వేలల్లో మాట్లాడుతుంది. హోమ్ డిపో వారి ఎఫ్‌పీఆర్ 4తో మొదలై 10తో ముగుస్తుంది. సుమారుగా ఒకే సత్తా ఉన్న సరుకు మొదటి మతంలో 11, రెండోదాంట్లో 1000, మూడోదాంట్లో 7. ఆచార్యులు ముగ్గురూ ఒకే వేదిక ఎక్కిన దాఖలా లేదు. గృహస్థు మెర్వ్‌నే పట్టుకోవడం క్షేమం.

పూర్వపక్షి ఇలా అంటాడు: "అంకె పెరిగితే గొప్పే కదా! 13 అయితే మైక్రాన్ లోపు రేణువుల్లో కూడా సగానికి తగ్గకుండా పడుతుంది. కోవిడ్ కాలంలో అష్రే వారే 13 వాడమన్నారు."

అన్నారు, పరికరం తట్టుకుంటేనే అన్నారు. షరతు వదిలేసి విధిని మాత్రం పట్టుకోవడం పూర్వపక్షులకు అలవాటే. అసలు అక్కడ ఫిల్టరు పెట్టింది మన ఊపిరితిత్తుల కోసం కాదు, బ్లోయరును దుమ్ము నుంచి కాపాడడానికి. పాత బ్లోయరు మోటారుకు అడ్డు పెరిగితే జోరు పెంచుకునే తెలివి లేదు. అంగుళం మందంలో చిక్కటి ఫిల్టరు దూరిస్తే గాలి తగ్గుతుంది, హీట్ ఎక్స్‌ఛేంజర్ కాగిపోతుంది, లిమిట్ స్విచ్ మంటను ఆర్పేస్తుంది. చల్లారాక మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆరుతుంది. ఇల్లు మాత్రం వెచ్చబడదు. ఏళ్ళ తరబడి ఇలాగే సాగితే ఎక్స్‌ఛేంజర్ బీటలు వారి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. ఈ ఒక్క వాక్యంలో మాత్రం హాస్యం లేదు. వేసవిలో ఏసీకీ అదే బ్లోయరు గనక, అప్పుడు కాయిల్ మంచు కడుతుంది.

దీనికి అపవాదం నాలుగంగుళాల ఫిల్టరు. మడతలు లోతు, వైశాల్యం ఎక్కువ, అందుకని అదే 13 సుఖంగా ఊపిరి తీయనిస్తుంది. కాకపోతే దానికి వేరే పెట్టె బిగించాలి, మెకానిక్ వచ్చి స్టాటిక్ ప్రెషర్ కొలవాలి.

ఇక పోపు అధికరణం. మూడు నెలలకోసారి మార్చమని పెట్టె మీద రాసిన ఋషులు ఎండుమిర్చి వేగుతున్న ఇంట్లో నిలబడ్డవారు కారు. పొయ్యి మీది హుడ్డు చాలా ఇళ్ళలో పొగను బయటికి పంపదు, వడగట్టినట్టు నటించి వంటింట్లోకే వదులుతుంది. ఆ నూనె తుంపర కొంత ఫిల్టరు మడతల్లో చేరి, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. కాబట్టి తెలుగువారికి నెలకోసారి చూడడం విధి. ఇంగువ వాసన పోతుందా అంటే, ఉత్త మడతల ఫిల్టరుతో పోదు. అది యాక్టివేటెడ్ కార్బన్ పని.

కొలతల్లో ఈ శాస్త్రం శుద్ధ మాయావాదం: 16×25×1 అని ఉన్నది టేపు పెడితే ప్రతి వైపూ పావంగుళమో అరంగుళమో తక్కువే తేలుతుంది. పాతదాని అంచు మీద రాసిన సైజే కొనండి. బాణం గుర్తు బ్లోయరు వైపు చూడాలి.

నిర్ణయం: పాత ఫర్నేసు, అంగుళం సందు, ఇంట్లో ఉబ్బసం రోగులు లేరు అనుకుంటే మెర్వ్ 8 చాలు. ఉబ్బసం ఉంటే పడగ్గదిలో విడిగా హెపా ప్యూరిఫయర్ పెట్టుకోండి, ఫర్నేసు జోలికి పోకండి.